తలుపు మీద బురద గీత

ఏడేళ్ళుగా ఒక గీతను మోస్తున్నాను. నా కారు తలుపు మీద బురద మరక కింద నుంచి పైకి వచ్చి, ఒక చోట తిన్నగా ఆగిపోయిన గీత. దాన్ని కడిగేశాను. తర్వాత ఆ కారునే అమ్మేశాను. అయినా బరువు దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు ఒక సంగతి. నేను కోతలు కోసే మనిషిని. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లలో ఎవరింట్లో భోజనాలు పెట్టుకున్నా నా చుట్టూ నలుగురు చేరేవారు. నా కారు అద్దంలో ఎలుగుబంటి తన మొహం చూసుకుని సిగ్గుపడి అడవిలోకి వెళ్ళిపోయిందని చెప్పాను. నవ్వారు. ఎవరూ నమ్మలేదు, నమ్మాలని నేనూ అనుకోలేదు. నవ్వులయ్యాక ఎవరి కుటుంబంతో వాళ్ళు వెళ్ళిపోయేవారు. నేను నా ఒంటిగది ఇంటికి వచ్చి, ఒక్కడికే సరిపడా బియ్యం కడుక్కునేవాడిని.

నమ్మినవాడు ఒక్కడే, మురళి. వరంగల్ వైపు వాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఎదురు బ్లాకులో భార్య పద్మతో, ఐదేళ్ళ పాపతో ఉండేవాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దేన్నయినా మూడుసార్లు సరిచూడనిదే వదలడు.

నాకొక పదకొండేళ్ళ పాత చిన్న ఎస్‌యూవీ ఉండేది. వారమంతా ఆఫీసుకి, శనివారాలు మట్టిదారులకి పనికొచ్చేలా దాన్ని మార్చాలని నా సరదా. మురళి తోడు వచ్చాడు. స్ప్రింగుల మీద స్పేసర్లనే దిమ్మలు పెట్టి కారు ఎత్తుని రెండంగుళాలు లిఫ్ట్ చేశాం. ఇంజిన్ కింద రాళ్ళు తగలకుండా ఇనప రేకు బిగించాం. గరుకు టైర్లు వేశాం. పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని లీజులో రాసి ఉంది, అందుకని అద్దెల ఆఫీసు ఆవిడ అటు వస్తే ఇద్దరం కారు కింద చెప్పు వెతుక్కుంటున్నట్టు నటించేవాళ్ళం. పద్మ టీ తెచ్చి, "కార్లు మనుషులకి లిఫ్ట్ ఇస్తయని తెలుసు గానీ, కారుకే లిఫ్ట్ ఇచ్చేటోళ్ళని మిమ్మల్నే చూస్తున్న," అనేది.

తర్వాత మురళి కూడా అదే మోడల్, అదే ఏడాదిది కొన్నాడు. ఒక్క బోల్టు తేడా లేకుండా అచ్చం నా కారులాగే చేశాం. కొత్త టైర్లకి మళ్ళీ నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. స్పేర్ టైరు అలుగుతుందని ఐదోది దాని మీద పెట్టాను.

ఒక శనివారం నేనొక్కడినే దక్షిణాన పైన్ అడవుల్లోకి వెళ్ళాను. ఇసుక దారి ఒక వాగు దగ్గర నీళ్ళలోకి దిగింది. ఆగాను. భయం వేసింది. భయంగా ఉందని చెప్పుకోవడానికి పక్క సీట్లో ఎవరూ లేరు. కార్లోనే పులిహోర తిని, గంటసేపు ఊరికే కూర్చుని, వెనక్కి తిప్పాను.

కానీ ఆదివారం భోజనాల్లో చెప్పడానికి కథ ఉండాలి కదా? దారిలో కుండీలకి వేసే మట్టి బస్తా ఒకటి కొన్నాను. బకెట్లో కలిపాను. కారు రెండువైపులా తలుపుల మీద టేపు తిన్నగా అంటించి, దాని కిందంతా బురద పూసి, ఆరాక టేపు లాగేశాను. మర్నాడు అందరికీ చూపించి, "నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి, చేపలు కిటికీలోంచి తొంగిచూశాయి," అన్నాను. అందరూ నవ్వారు. మురళి నవ్వలేదు. వంగి, నేల మీద నుంచి గీత దాకా జానలు వేసి కొలిచాడు. నాలుగు.

వాగు నీళ్ళు అంత తిన్నగా గీత గీయవు. టెస్టర్‌కి అది తట్టలేదా? లేక నా మాట మీద టెస్టు పెట్టడం వాడికి ఇష్టం లేకపోయిందా?

రెండు వారాలకి మురళి భార్యాపిల్లతో అదే వాగుకి వెళ్ళాడు. దాటుతుంటే నడుమ ఇంజిన్ ఆగిపోయింది. నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి. పాపని భుజాల మీద ఎక్కించుకుని దిగాడు, పద్మ వాడి చొక్కా పట్టుకుని వెనకే నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజిన్ మాత్రం పోయింది.

ఆ వార్త తెలియగానే నేను చేసిన పని, నా కారు బానెట్ ఎత్తి చూడటం. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం నోరు ఎక్కడుందో చేత్తో కొలిచాను. నా గీతకి చాలా కింద ఉంది. ఆ గీత దాకా నీళ్ళు వస్తే గొట్టంలోకి పోయి ఇంజిన్ ఆగుతుంది, ఇలాంటి ఏ కారూ దాటదు. నాదీ దాటదు. ఇది తెలిశాకే మురళి వచ్చాడు. ఈ వరుస మీరు గుర్తుంచుకోవాలి.

వాడు గీత మీద చెయ్యి పెట్టాడు.

"దిగే ముందు కట్టె పెట్టి కొలిచిన అన్నా. మూడున్నర జానలే ఉన్నయి. నీకు నాలుగు కదా. నువ్వు నిజంగనే దాటినవా?"

"దాటానయ్యా," అన్నాను. అక్కడ ఆగినా బాగుండేది. "నువ్వే మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసుంటావు. తీస్తే బండి ఆగదూ మరి?"

వాడు తన కుడికాలి వైపు చూసుకున్నాడు. "తీసిననేమో అన్నా. పాప అరిచింది. తీసిననేమో."

వారం తిరిగేసరికి ఆ 'ఏమో' రాలిపోయింది. 'కాలు తీసిన' అని వాడే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. పాప వెనక కూర్చుంటే తన కాలు మీద తనకే నమ్మకం లేదన్నాడు. డ్రైవింగ్ మానేశాడు. పాల డబ్బాకి కూడా కారు తీయాల్సిన ఊళ్ళో.

నాలుగు నెలలు నేనే వాడికి ఆఫీసుకి లిఫ్ట్ ఇచ్చాను. ఆ కార్లోనే. గీతని కడగలేదు. కడిగితే ఒప్పుకున్నట్టవుతుందని. రోజూ పొద్దున్నే వాడు ఆ గీత ఉన్న తలుపే తీసుకుని ఎక్కి, "థాంక్స్ అన్నా," అనేవాడు.

ఇప్పుడు అసలైనది రాయాలి. రాయనా? ఆ నాలుగు నెలలు నాకు బాగున్నాయి. పక్క సీట్లో మనిషి ఉన్నాడు. నా కోతలకి నవ్వేవాడు. నిజం చెబితే ఆ సీటు ఖాళీ అవుతుందని తెలుసు. అందుకే చెప్పలేదు. భయం వల్ల కాదు, తోడు కోసం. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని తీసేసుకుని, దాన్ని నేను తోడుగా వాడుకున్నాను.

తర్వాత వాళ్ళు రైళ్ళు ఉన్న ఊరు వెతుక్కుని వెళ్ళిపోయారు. పండగలకి ఫోన్ చేసి, "నీ అంత ధైర్యం నాకెక్కడిదన్నా," అనేవాడు. నేను ఫోన్ ఎత్తడం మానేశాను.

నంబర్ ఇంకా ఉంది. చేస్తానా? తెలియదు. చేస్తానని రాస్తే అది మరో కోత అవుతుంది. ఇక్కడ మాత్రం, టేపు అంటించకుండా, ఒక్కసారి.

నేను వాగు దాటలేదు. ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాను. తప్పు మురళి కాలిది కాదు.