నేను విప్పిన కట్టు

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేవాణ్ణి కాదు. బస్సు ఎక్కాక కండక్టరు ఊరి పేరు చెప్పినా, మళ్ళీ డ్రైవర్ని అడిగి రూఢి చేసుకునేవాణ్ణి. దాన్ని తెలివి అనుకునేవాణ్ణి. (అమ్మ మాత్రం జబ్బు అనేది.) డిగ్రీ చదివేటప్పుడు తిరుపతిలో సైకిలు మీద నుంచి పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకుంటే, నాయన నన్ను వడమాలపేట దగ్గర ఒక పల్లెలో కట్లు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా చేతిని వంకాయలు ఏరేవాడిలా నొక్కి చూసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు.

"ఎక్స్‌రే తీయరా?" అన్నాను.

"నా చేతి ఏళ్ళు సూసినాయి లేప్పా. పది దినాలు దీన్ని ముట్టుకోగాకు. మళ్ళా నేనే ఇప్పుతా."

ఆ మాటతోనే నాకు అనుమానం పట్టుకుంది. ముట్టుకోవద్దన్నాడంటే లోపల ఏదో దాస్తున్నట్టే కదా! ఐదో రోజు మధ్యాహ్నం మిద్దె మీదికెక్కి కట్టు విప్పేశాను. చెయ్యి పచ్చగా, నిక్షేపంలా ఉంది. అతికిందో లేదో చూద్దామని ఒకసారి వంచాను. టక్కుమంది. కళ్ళ నీళ్ళతో మళ్ళీ నేనే కట్టుకున్నాను. (నాలుగు బద్దల్లో మూడే పట్టాయి.)

గడువు తీరాక పెద్దాయన ముడి చూసి ఆగిపోయాడు. నా ముఖం చూశాడు, పక్కనే ఉన్న నాయనను చూశాడు, కట్టు విప్పాడు. చెయ్యి కొడవలిలా ఉంది.

"ఏమప్పా, బిడ్డ చెయ్యి వంకర చేస్తివే! ఇదేనా నీ వైద్యం?" అని నాయన అరిచాడు.

"ఒక్కోసారి కుదరదు సామీ," అన్నాడాయన. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత మా వీధి నుంచి ఒక్కరూ ఆయన దగ్గరికి పోలేదు. నా వంకర చెయ్యి చూశాక ఎవరు పోతారు?

ఇన్నేళ్ళకు, నాయన కూడా పోయాక, తప్పు ఒప్పుకుందామని వెళ్ళాను. పెద్దాయన లేడు. ఆయన కొడుకు నా మోచెయ్యి తడిమి, "ఎవురో పని తెలీనోడు కట్టినాడన్నా ఇది," అన్నాడు.

"మీ నాయన బాగానే కట్టినాడప్పా. తెలీనోణ్ణి నేనే."

అతను పకపకా నవ్వాడు. "తిరపతి పిల్లోడివి నువ్వేనా! నాయన సెప్తా ఉన్నె."

"తెలిసీ ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"మీ నాయన కోపం సూసినాడంట. నిజం సెప్తే నీ రెండో చెయ్యి గూడా తానే కట్టాల్సొస్తాదని ఊరుకున్నాడంట!"

నేనూ నవ్వాను. మా పాత వీధిలో మిగిలినవాళ్ళకు ఈ సంగతి చెప్పాను. ఊళ్ళు మారినవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.