వాగ్దాన వచనమే పాస్‌వర్డ్

ఈ మాట ఏళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

నెల్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఎన్‌క్రిప్షన్ నాకు కొట్టినపిండి. మంచి అల్గారిథమ్‌ను ఛేదించాలంటే ఉన్న కంప్యూటర్లన్నీ కలిసినా మన జీవితకాలం చాలదని పిల్లలకు ధీమాగా చెబుతాను. పాస్‌వర్డ్‌ల పాఠం మాత్రం గబగబా ముగించేస్తాను.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. కరుణా నేనూ ఒకే ఈడు ఆడపిల్లలం, ఒకే చర్చిలో పెరిగాం. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరం ఒక వాగ్దాన కార్డు తీసి, అందులోని బైబిల్ వచనాన్ని సంఘమంతా వినేలా చదువుతాం. ఏడాదంతా అది మన వచనం. మావాళ్లలో చాలామంది ఆ వచనం ఉన్న పుస్తకం పేరూ వచనం నంబరూ కలిపి పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. దేవుడిచ్చింది కదా, మరిచిపోరు. అందరూ విన్నారన్న సంగతే ఎవరికీ తట్టదు.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కరుణ విశాఖపట్నం కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంది. తన ర్యాంకుకు అది వచ్చి తీరేది. నాకు నెల్లూరే గతి. గడువు చివరి రోజు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, నాకు కంఠస్థమైన తన హాల్‌టికెట్ నంబరు కొట్టి, పాస్‌వర్డ్ దగ్గర తన వచనం కొట్టాను. తెరుచుకుంది. అప్పట్లో ఫోన్‌కి ఓటీపీ వచ్చేది కాదు. నెల్లూరు కాలేజీని పైకి జరిపేశాను. అసూయా? తను లేకపోతే ఒంటరినైపోతానన్న భయమా? రెండూనేమో. దానికి ప్రేమ అని పేరు పెట్టబోతే నా మీద నాకే రోత పుడుతుంది.

సీట్లు తెలిసిన రోజు కరుణ మా వాకిట్లో కూలబడి ఏడ్చింది.

"ఎవురినీ అనేదానికి లేదు మే. నా చేతులారా నేనే తప్పు నొక్కినాను."

"పోనీలే మే, ఇద్దరం ఒకే చోట ఉంటాం గదా" అన్నాను. సిగ్గు లేకుండా తన కళ్లు కూడా తుడిచాను.

ఆడపిల్ల దగ్గర్లోనే ఉంటుందని వాళ్ల నాన్న సంతోషించాడు. మళ్లీ ప్రయత్నించనివ్వలేదు.

కరుణ బతుకు చెడిందని అనను. ఉద్యోగం ఉంది, పాప ఉంది. కానీ నాకంటే తెలివైన ఆ మనిషికి తన మీద తనకు నమ్మకం పోయింది. కరెంటు బిల్లు కట్టాలన్నా నాకు ఫోన్ చేసి అడుగుతుంది. మొన్న పాపకు హాస్టల్ స్కూల్ దరఖాస్తు పెట్టాల్సి వస్తే, పాస్‌వర్డ్ నాకు పంపించింది.

"నేను పెడితే తప్పు పోతాది మే. నువ్వే పెట్టు."

పెట్టాను. సరిగ్గానే పెట్టాను. తనకు మాత్రం ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. ఆ రోజు నొక్కిన చేయి కరుణది కాదు, నాది. ఇంతకాలానికి ఈ మాట రాయగలిగాను. కాస్త ఊపిరాడుతోంది.