ముట్టుకునే ముందు

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడంతా పసుపు వాసన వచ్చేది. మా అమ్మ పసుపు ఉడకబెట్టే కళ్ళాల్లో కూలికి పోయేది. ఎంత కడిగినా ఆమె చేతులు పచ్చగానే ఉండేవి. అన్నం కలిపి పెడితే ముద్దకు కూడా ఆ రంగు అంటుకునేది. నేను చెప్పేది ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి గొడవలు లేచిన ఏటి సంగతి. బడికి తాళం పడింది. మళ్ళీ తెరిచేసరికి నన్ను బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టారు, అక్కడితో నా చదువు అయిపోయింది. అక్షరాలు పోతే పోయాయి గానీ, ఆ ఏడు ఒక నర్సమ్మ దగ్గర నేర్చుకున్నది మాత్రం ఈ ముసలితనం దాకా నా వెంట నడిచి వచ్చింది.

మా అమ్మకు ఒక్కతే చెల్లెలు, మా చిన్నమ్మ. ఆమెను సిరిసిల్లలో నేతపని ఇంటికి ఇచ్చారు. గొడవల్లో నూలు రాక మగ్గాలు ఆగిపోతే, కొడుకును అత్త దగ్గర వదిలి, మొగుడూ పెళ్ళాలు కూలి వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. చిన్నమ్మ మర్నాటి నుంచే అమ్మ వెంట కళ్ళానికి పోయింది. చిన్నాయన కల్లు దుకాణానికి పోయాడు. చిన్నమ్మ నాకు జడ వేస్తూ, "మా మగ్గం మీది నూలు గూడ గింత చిక్కు పడదే పోరీ" అని ఎగతాళి చేసేది. నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకునేది. ముందు పన్ను ఒకటి సగమే ఉండేది ఆమెకు. మెట్ల మీద జారి పడ్డానని చెప్పింది, మేము నమ్మాం.

ఒకరోజు బజారు బందైంది, రాళ్ళు పడ్డాయి. చిన్నమ్మ ఆ రోజు గడప దాటనే లేదు. మధ్యాహ్నం చిన్నాయన తాగి వచ్చి ఏం చేశాడో నేను తలుపు వెనక నుంచి విన్నాను. అమ్మ వచ్చేసరికి అతనే ఎదురుపోయి, బజారులో రాయి తగిలిందని చెప్పాడు. చిన్నమ్మ అవునంది. అంటూ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపుకు నా నోరు మూతపడింది. అమ్మ నీళ్ళు కాచి చెల్లెలికి తలంటింది, రక్తం అయిన చీరను ఉతికి ఆరేసింది, పగిలిన చోటల్లా పసుపు అద్దింది. అంతకంటే ప్రేమగా చేయడం మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు.

తెల్లవారేసరికి చేయి వాచిపోయింది, నెత్తి మీద గాయం మళ్ళీ కారడం మొదలుపెట్టింది. బస్సులు లేవు. ఎడ్లబండి మాట్లాడుకుని జగిత్యాల దవాఖానకు బయలుదేరాం. నా ఒళ్ళో తల పెట్టుకుంటేనే పడుకుంటానని చిన్నమ్మ అన్నది, అందుకే నన్నూ బండి ఎక్కించారు. ఆ దారి పొడుగునా ఆమె తల బరువు నా తొడల మీద ఉంది. ఇప్పుడు చెబుతుంటే కూడా ఆ బరువు తెలుస్తోంది.

దవాఖానలో చిన్నాయన అందరికంటే ముందు నడిచి, గొడవల్లో రాయి తగిలిందని గట్టిగా చెప్పాడు. అక్కడ ఒక నడివయసు నర్సమ్మ ఉంది. ఆమె చిన్నమ్మను చూసింది, అతన్ని చూసింది, తలుపు పట్టుకుని నిలబడ్డ నన్నూ చూసింది. అప్పుడు ఎంతో మర్యాదగా అతనితో అన్నది: "మంచిగ తెచ్చినవు తమ్మీ. గొడవల దెబ్బ తాకినోళ్లను ఎవలు తెచ్చిండ్రో పోలీసులు అడుగుతున్నరు. ఇప్పుడే వస్తరు, ఈడ్నే కూసో." చిన్నాయన జేబు తడుముకుని, అగ్గిపెట్టె తెచ్చుకుంటానని బయటికి పోయాడు. పొద్దు గూకేదాకా అతని జాడ లేదు. పోలీసులూ రాలేదు. అతని అబద్ధాన్నే చేతికి తీసుకుని ఆమె అతన్ని గది దాటించిందని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

నర్సమ్మ తలుపు దగ్గరికి వేసి, చిన్నమ్మ ముందర పీట వేసుకుని కూర్చుంది. "నీ చెయ్యి ముట్టుకోనా చెల్లె?" అని అడిగింది. చిన్నమ్మ పలకలేదు. నర్సమ్మ చాచిన చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఊరికే కూర్చుంది. రక్తం కారుతుంటే ఈమె అడుగుతూ కూర్చుందేమిటి, పని రానట్టుందే అనుకున్నాను నేను. కొంచెం ఆగి మళ్ళీ అడిగింది. చిన్నమ్మ కొద్దిగా తల ఊపింది. అప్పుడు పట్టుకుంది. చేయి అయ్యాక భుజం, భుజం అయ్యాక వీపు, ప్రతిచోటికీ అడిగింది, ప్రతిసారీ ఆగింది. జాకెట్టు విప్పాక దండచేతుల మీద నల్లగా వేళ్ళ అచ్చులు కనబడ్డాయి. వీపు మీద పాత దెబ్బలు మానుతూ పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి.

నర్సమ్మ చాలాసేపు వాటిని చూసి, మెల్లగా అన్నది: "రాయికి వేళ్లుండయి గదమ్మా."

చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. మా ఇంట్లో దెబ్బలు తింటున్నప్పుడు కూడా ఆమె అట్లా ఏడవగా నేను వినలేదు. అమ్మ గోడకు ఒరిగి అట్లాగే కిందికి కూర్చుండిపోయింది. నాకు తెలిసింది చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సమ్మ నన్ను ఆపి, "నువ్వు గాదు బిడ్డా, చిన్నమ్మ చెప్పాలె" అన్నది. చిన్నమ్మే చెప్పింది. డాక్టరు వస్తే నర్సమ్మ ఒక్కొక్క దెబ్బా చూపించి రాయించింది. తలంటు పోసి చీర ఉతికినందుకు అమ్మను ఒక్క మాట అనలేదు. పసుపు గాయాన్ని మాన్పుతుంది అక్కా, కానీ చూసేవాళ్ళకు కనబడకుండా కూడా చేస్తుంది అని మాత్రం చెప్పింది.

చిన్నమ్మ దవాఖానలో ఉన్నన్నాళ్ళూ బాగా తిన్నది. నోటికి చేయి అడ్డం పెట్టకుండా నవ్వింది కూడా. తర్వాత చిన్నాయన పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. అమ్మ పంపనని మొండికేసింది. వాళ్ళు పంపాలని పట్టుబట్టారు. నర్సమ్మ వాళ్ళందరి మధ్యలో నిలబడి చిన్నమ్మనే అడిగింది, పోతావా ఉంటావా అని. ఎవరినో అడుగుతున్నట్టు చిన్నమ్మ అటూ ఇటూ చూసింది.

"పిలగాడు ఆడ్నే ఉన్నడు నర్సమ్మా. పోత."

నర్సమ్మ ఆపలేదు. మళ్ళీ ఒకసారి చేయి లేస్తే స్నానం చేయవద్దని, చీర ఉతకవద్దని, పసుపు పెట్టవద్దని, ఎట్లా ఉంటే అట్లాగే ఏ దవాఖానకైనా రమ్మని చెప్పి పంపింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. కాలుకు అడ్డం పడైనా ఆపాల్సిందని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను.

వానలు పడ్డాక సిరిసిల్ల నుంచి కబురు వచ్చింది. చిన్నమ్మ బావిలో జారి పడిందట. మేము పోయేసరికే స్నానం పోసేశారు. ముత్తైదువ చావు కదా, నెత్తి నుంచి పాదాల దాకా పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టి, పువ్వులు పెట్టి పడుకోబెట్టారు. అదృష్టవంతురాలు అని ఎవరో అన్నారు. అమ్మకు నర్సమ్మ మాట గుర్తుంది. చెల్లెలి చేతులు తిప్పి చూసింది, దండచేతులు చూసింది, కొంగుతో తుడిచింది. తుడిచిన కొద్దీ పసుపే. అమ్మ చేతులదీ అదే పసుపు. కొట్టాడని అమ్మ అంటే, దెబ్బలేవి, చూపించు అన్నారు అక్కడి మగవాళ్ళు. చూపించడానికి మాకు ఏమీ మిగల్లేదు.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె చేయి పట్టుకోవాలనిపించింది. "చిన్నమ్మా, ముట్టుకోనా?" అని అడిగాను. అడిగి, నర్సమ్మ లాగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు. పాడె ఎత్తే వేళైందని ఎవరో నన్ను రెక్క పట్టి లేపారు.

చాలా ఏళ్ళకు మా ఆయన పోయాడు. పదో రోజున ఆడవాళ్ళు పసుపు గిన్నె తెచ్చి, నా చేతులకు నిండుగా గాజులు తొడిగి, వాటిని పగలగొట్టడానికి చుట్టూ చేరారు. ఒకామె నా మణికట్టు పట్టుకుంది. నేను గుంజుకున్నాను.

"ముట్టుకునే ముందు నన్ను అడుగుండ్రి."

"ఇది అడిగే పనా వదినే? అందరికి అయ్యేదే గదా."

"అందరికి అయితది గనుకనే అడుగుమంటున్న."

కాసేపటికి మా ఆడబిడ్డ, తనూ మొగుడు పోయినదే, నా ముందు కూలబడి, "గాజులు తియ్యనా వదినే?" అన్నది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. వద్దన్నాను. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. గాజులు నేనే తీసుకున్నాను, నా మనసుకు తోచిన నాడు, మా ఇంట్లో, ఒక్కదాన్నే.

మా వాడలో ఎవరికైనా ఒళ్ళు బాగాలేకపోతే నన్ను పిలుస్తారు. తల పట్టడానికో, నీళ్ళు పోయడానికో పోతాను. మనవరాళ్ళకు తలంటుతాను. ఎవరి మీద చేయి వేసినా ముందు అడుగుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఊ అన్నాకే ముట్టుకుంటాను, అనకపోతే ఆగుతాను. చిన్నమ్మ ఇంకా ఊ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె దగ్గర నేను ఇంకా ఆగే ఉన్నాను.