ఆగు అన్న మాట

మాస్కు పెట్టుకుని ఇంగ్లీషు మాట్లాడితే ఎదుటివాడికి సగమే చేరుతుంది. ‘స్టాప్’ అని అరిచినా ‘అప్’ అని అరిచినా పొగలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకటేమో ఆగమని, రెండోదేమో పైకెక్కమని. రెస్క్యూ స్క్వాడ్‌లో మా శిక్షణ మొదలైన కొత్తలోనే ఈ గందరగోళంలో నేనూ మా బామ్మర్దీ ఒకరి మీద ఒకరం పడ్డాం. లేచి, మాస్కు లాగేసి, వాడే అన్నాడు: “బావా, ఆగు అంటే సరిపోద్ది కదా, మ్యాన్.”

ఆగు మా మామ్మ మాట. దక్షిణాఫ్రికాలో, ఉంజింటో తోటల్లో చెరుకు నరికిన మనిషి ఆవిడ. పిల్లలం రోడ్డు మీదికి పరిగెడితే వాకిట్లోంచి ‘ఆ’ని సాగదీసి ఒక్క కేక వేసేది, అందరం ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయేవాళ్లం. బామ్మర్ది వాళ్ల మామ్మదీ అదే కేక. మా ఇళ్లల్లో మిగిలిన తెలుగంతా తిట్లూ, తిండీ, ప్రార్థనా. నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన బైబిలు పుణ్యమే.

మామూలు ఫైరింజన్లు చేయలేని పని మా స్క్వాడ్‌ది. ఓడల అడుగు గదులు, లిఫ్టు గోతులు, కిటికీల్లేని గోదాములు. డర్బన్‌లో అప్పటిదాకా అందులో ఉన్నది తెల్లవాళ్లే. ఏళ్ల తరబడి బయట పైపు పట్టుకుని, వాళ్లు లోపలికి వెళ్లడం చూస్తూ కడుపు మండించుకున్నవాణ్ని నేను. రంగుతో పని లేకుండా దేశమంతా మొదటిసారి ఓట్లకు సిద్ధమవుతున్న ఆ ఏడాది తలుపు కాస్త తెరిచి మా ఇద్దర్నీ లోపలికి రానిచ్చారు. మేముండే అవోకాలో మా చర్చి చర్చంతా మురిసిపోయింది.

లోపలికి ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఇద్దరి నడుములకూ ఒకటే తాడు. ముందువాడి ముడి వెనకవాడు వేయాలి, అది స్క్వాడ్ ఆచారం. ముందువాడు దారి వెతుకుతాడు, వెనకవాడు ఆర్డరిస్తాడు. పెద్దవాణ్ని కాబట్టి నేను వెనక. మా తెల్ల ఆఫీసరు కూడా ఆ ‘ఆగు’ మాట నేర్చుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర ఎవరైనా రెండోసారి కూర వడ్డించుకోబోతే “ఆగూ!” అని అరిచి పడీపడీ నవ్వేవాడు.

ఓట్లయిన కొన్నాళ్లకు ఒక బట్టల గోదాము అంటుకుంది. మిట్టమధ్యాహ్నం. మేడ మీద పనివాళ్లు ఎవరైనా చిక్కుకున్నారేమోనని మమ్మల్ని పంపారు. నిజానికి అప్పటికే అందరూ బయటపడ్డారు, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మోకాళ్ల మీద పాకుతున్నాం. నా అరచేతి కింద చెక్క మెత్తగా, వెచ్చగా తగిలింది. ఆగు అని అరిచాను. మళ్లీ అరిచాను. వాడు ఆగలేదు. ఎదురుగా తలుపు కనిపించిందట. నేల విరిగి వాడు నడుం దాకా దిగబడ్డాడు. తాడు నా పొట్టను కోసేస్తుంటే వెల్లకిలా పడి, కాళ్లు గోడకు తన్నిపెట్టి లాగాను. వాడి భుజం ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

మనిషికి దెబ్బ తగిలితే విచారణ తప్పదు. తేల్చాల్సింది ఒక్కటే: నేను ఆర్డరివ్వలేదా, వాడు వినలేదా? తప్పు ఎవరిదైతే వాడు స్క్వాడ్‌లోంచి బయటికి. నాకు భయమే లేదు. తాడుకు అటు చివర ఉన్నది నా భార్య తోడబుట్టినవాడు, వాడు నిజం చెప్తాడు అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ని!

వాడు కట్టు కట్టిన చేత్తో వచ్చి, ఇస్త్రీ చేసిన ఇంగ్లీషులో చెప్పాడు: “ఆర్డరేమీ వినలేదు సర్. ఆయన ఏదో అరిచాడు. ఆ ఇండియన్ భాష నాకు తెలియదు.”

“మా ఆఫీసరుకే తెలుసే ఆ మాట!” అన్నాను. ఆఫీసరు పెన్ను మూత తిప్పుతూ, అది భోజనాల బల్ల దగ్గర సరదా మాట అనీ, రూల్‌బుక్‌లో లేదనీ అన్నాడు. నేను బయటికి, మళ్లీ మామూలు బండికి, మళ్లీ పైపు దగ్గరికి.

మెట్ల కింద వాణ్ని పట్టుకున్నాను. “నిన్ను లాగిందెవర్రా?”

“నువ్వే కదా, బావా. హైకొనా, లేదు లేదు, నేను కాదు అన్లేదు కదా. వాట్ ఐ మస్ట్ డూ? ఇద్దర్లో ఒకడే ఉండేది అని వాళ్లు ముందే చెప్పింది.” వాడి కళ్లల్లో నీళ్లు. ఆ నీళ్లు చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఇంట్లో నా భార్య, “వాడు చిన్నోడు, నువ్వు పెద్దోడు. విడిచిపెట్టు,” అంది. ఆ రోజు తాడు విడిచిపెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదన్నాను. ఆమె ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను. ఆదివారాలు చర్చిలో వాడు నా ముందు వరసలో కూర్చుని, కళ్లు మూసుకుని, ప్రార్థన మొత్తం తెలుగులోనే చేసేవాడు. ఒక్క మాట తడబడేవాడు కాదు.

కొన్నేళ్లకు రేవు దగ్గర ఒక రంగుల కొట్టు అంటుకుంది. నేను గుమ్మం బయట పైపు పట్టుకుని ఉన్నాను. స్క్వాడ్ వచ్చింది. ఇప్పుడు వెనక ఉండేది బామ్మర్ది. ముందు నడిచే కొత్త జూలూ కుర్రవాడికి ముడి వేసి, బిగించి చూసి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లాడు. నేను పైపు లాక్కుంటూ మెట్టెక్కబోతుంటే పొగలోంచి వినపడింది. ‘ఆ’ని సాగదీసి, అచ్చం మామ్మ కేకే. ఆగు!

ఇద్దరూ క్షేమంగా బయటికొచ్చారు. కుర్రవాడు మాస్కు తీసి, ఊపిరి పీల్చుకుని, వాణ్ని అడిగాడు, “ఆ మాట ఏ భాష, బాస్?”

బామ్మర్ది నన్ను చూశాడు. చూసే చెప్పాడు.

“భాషేంటి? అది స్క్వాడ్ ఆర్డర్. చెవిన పడితే ఎవడైనా ఆగాల్సిందే.”

నేను పైపు చుట్టడం మొదలుపెట్టాను. ఆ కేకకు మెట్టు మీద నా కాళ్లు కూడా ఆగిపోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు.