వాన ఎదుర్కోలు

మొన్న మనవరాలు ఫోనులో ఒక ఆహ్వానం చదివి వినిపించింది. గాలివానల వెంట బండ్లేసుకుని తిరిగి ఫోటోలు తీసేవాళ్ళంతా పట్నంలో ఒక పెద్ద హోటల్లో కలుస్తారట, భోజనానికి మనిషికి ఇంతని ముందే కట్టాలట. ఆ హాలుకు కిటికీలున్నాయా అని అడిగాను. ఏసీ హాలుకు కిటికీలెందుకు తాతా అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పని మేమూ చేశాం, కాకపోతే మేం ఎక్కడ కూడాలో మబ్బు చెప్పేది.

ఎనభైల మొదట్లో నేను మంథనిలో చిన్న ఉద్యోగం చేస్తూ దగ్గరలోని మా ఊరి నుంచి రోజూ తిరిగేవాణ్ణి. మాది దొరల కుటుంబం, భూములు అప్పటికే పోయాయి గానీ ఒకరి ముందు నడుము వంచడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ అలవాటు కాలేదు. మందమర్రి బొగ్గుగనిలో పనిచేసే మా మేనబావ ఎండాకాలం సెలవు పెట్టి మంథనిలోని తన ఇంటికి వచ్చేవాడు. ఆయనా, బడిలో బొమ్మలు నేర్పే డ్రాయింగ్ సారూ, నేనూ రోహిణి కార్తెలో గోదావరి అవతల ఆకాశం నల్లబడటమే ఆలస్యం, రెండు మోటారు సైకిళ్ళ మీద బయలుదేరేవాళ్ళం. పెళ్ళికొడుకువాళ్ళు వస్తుంటే పొలిమేర దాకా వెళ్ళి షర్బత్ ఇచ్చి తోలుకొచ్చినట్టే మేం వానకు ఎదురెళ్ళేవాళ్ళం కనుక, దానికి వాన ఎదుర్కోలు అని పేరు పెట్టాడు బావ.

పేరుతోపాటు పద్ధతులూ వచ్చాయి. తొలి చినుకు ఏ ఊళ్ళో పడుతుందో ముగ్గురం ముందే చెప్పాలి. అందరికన్నా ఎక్కువ తప్పినవాడిది ఆడపిల్లవారి వంతు, మిగతా ఇద్దరూ మగపెళ్ళివారు. వాన పట్టుకున్న చోటే విడిది. అది చాయ్ గుడిసె కావచ్చు, బడి వరండా కావచ్చు, ఒకసారి బర్రెల కొట్టం కూడా అయింది. ఆడపిల్లవారికి ఖర్చు చాయ్‌కీ మిర్చీలకే అయినా, చాయ్ పల్చగుందని, కూర్చోను చాప వెయ్యలేదని మగపెళ్ళివారు పెట్టే సాధింపులు భరించడమే అసలు ఖరీదు. నాకు ఆ బాధ తక్కువ, ఎందుకంటే మబ్బు నడక చూడటం చిన్నప్పుడే బాపు నేర్పించాడు.

ఒకనాడు మాత్రం, ఈ వాన మా ఊరికి రాదని గట్టిగా చెప్పాను. గాలి మళ్ళింది. సరిగ్గా మా ఊరి మొదట్లోనే తొలి చినుకు నా నెత్తిన పడింది. అంటే ఆడపిల్లవాణ్ణి నేనే, విడిది మా ఇల్లే.

బాపు పోయాక నేను పరాయివాళ్ళను గడప దాటి రానియ్యలేదు. పెద్ద హాలు మీద పెంకులు పగిలి ఏళ్ళయింది, కప్పించే స్తోమత లేదు. ప్రహరీ ఎత్తుగా ఉండటం వల్ల బయటివాళ్ళకు మేమింకా దొరలమే, ఆ అనుకోవడమే నాకు మిగిలిన ఆస్తి. అందుకే బస్సులు ఆగే చోట మంచి చాయ్ హోటలుందని మాట మార్చబోయాను.

“విడిది మారిస్తె మగపెండ్లోళ్లు అలుగుతరు, జర సోచాయించు,” అన్నాడు సారు.

“అలిగినోళ్లను మళ్ల తోలుకొచ్చుడు కష్టం బావా,” అని మా ఇంటి సంగతి తెలిసిన బావ కూడా ఆయన పక్షానే చేరాడు. ఇంతలో రాళ్ళవాన మొదలైంది, నా మాట వినేవాళ్ళు లేకపోయారు.

లోపల అవ్వ, అంటే మా అమ్మ, పాత రోజుల్లో వంటలకు వాడిన ఇత్తడి గిన్నెలూ గంగాళాలూ కారే చోటల్లా పెట్టి ఉంచింది. ఠంగు ఠంగుమని హాలంతా ఒకటే మోత. సారు ముఖం చూడలేక నేను తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన తల తుడుచుకుంటూ, తాపీగా హాలంతా కలియజూశాడు.

“అవ్వా, మేం వచ్చింది ఇద్దరమే గదా, గిన్ని బాజాలెందుకు పెట్టిచ్చినవ్?”

మా ఆట సంగతి అవ్వకు బావ ఎప్పుడో చెప్పాడు. ఆమె కొంగు సర్దుకుని, “మగపెండ్లోళ్లను సప్పుడు లేకుంట తోలుకొస్తె మా ఇజ్జత్ ఏంగావాలె బిడ్డా,” అంది.

తర్వాత బియ్యప్పిండిలో పల్లీలు వేసి కాల్చిన వేడివేడి సర్వపిండి వచ్చింది, మామిడికాయ తొక్కుతో. రెండు ముక్కలు తిని మూడోది అందుకుంటూ, పల్లీలు తక్కువైనయని సారు ముఖం ముడిచాడు. “పిల్లనే లేదు, పల్లీల పంచాయితి పెడుతుండు,” అని అవ్వ బావతో చెబుతుంటే, ఎవరి ముందూ వంగని నా నడుము నవ్వాపుకోలేక వంగిపోయింది.

ఆ తర్వాత వాన ఎక్కడ పడినా, పడకపోయినా, తొంభైల దాకా మా విడిది ఆ హాలే. సారు కావాలనే తప్పు ఊరి పేరు చెప్పి, ఆడపిల్లవారి వంతు తనదంటూ బెల్లమూ పల్లీలూ మోసుకొచ్చేవాడు.

ఇప్పుడు అవ్వ లేదు, బావా సారూ లేరు. హాలుకు స్లాబు పడింది, ఎంత వానకైనా చుక్క కారదు. ఎవరొచ్చినా తలెత్తుకుని లోపలికి పిలవగలను. మర్యాదలో ఏ లోటూ లేదు, లోటు ఎంచి అలిగే మనుషులే లేరు.