కొండదారిలో నాది కాని కుక్క

అవమానమంటూ జరిగితే అరటితొక్క మీద జారినట్టు ఒక్క క్షణంలో అయిపోవాలి. లేచి, దులుపుకొని, చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్ముకొని వెళ్ళిపోవచ్చు. నాకు ఆ అదృష్టం లేదు. నా అవమానం పెనుకొండ కొండ ఎంత పొడుగో అంత పొడుగున జరిగింది. ఒక మంద గొర్రెలు, ఒక వీధికుక్క, పొద్దున్నే నడకకొచ్చిన ఊరి పెద్దలు అందరూ సాక్షులు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడానికే చెబుతున్నాను.

అప్పట్లో నా ఉద్యోగం హిందూపురంలో, ఒక చిన్న కంపెనీ లెక్కల విభాగంలో. అత్తగారిల్లు ధర్మవరం. పెనుకొండ ఆ రెండింటి నడుమ ఉంటుంది కాబట్టి, అటు మేనేజరూ ఇటు మామగారూ చెప్పాపెట్టకుండా ఊడిపడలేరన్న దూరాలోచనతో అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాను. దూరాలోచనలో నాకు సాటి లేదని ఆ వయసులో నా గట్టి నమ్మకం. డాక్టరు మొదట నా పొట్టను చూసి, తర్వాత నన్ను చూసి, పొద్దున్నే నడవమన్నాడు. పెనుకొండలో నడకకు చోటు వెతుక్కోనక్కర్లేదు. కొండ ఊరి నెత్తినే కూర్చొని ఉంటుంది.

ఆ కొండదారి అందరిదీ. పాత కోట గోడల పక్కగా పైకి పోయే ఆ దారిలో తెల్లారేసరికి మాలాంటి నడకరాయుళ్ళు, పూలబుట్టలతో గుడికి పోయే ఆడవాళ్ళు, మేతకు పోయే గొర్రెలు, వాటి వెనక కాపరులు, ఒకరికొకరు జరుగుతూ, ఒకరినొకరు పలకరించుకుంటూ పోతుంటారు. ఎవరి వల్లా ఎవరికీ ఇబ్బంది లేదు. నేను అడుగు పెట్టేదాకా.

నాకు కుక్కలంటే భయం. భయమని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి దానికి పరిశుభ్రత అని పేరు పెట్టుకున్నాను. అదే దారిలో రత్నమ్మగారు తన కుక్క బంటిని తిప్పేవారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను ఒక మలుపు ఎక్కేలోపు ఆవిడ పైకెక్కి, దిగుతూ నన్ను పలకరించేవారు. బంటి దూడంత ఉండేది. మొరిగే కుక్క కరవదని పెద్దలు చెప్పారు, బాగానే ఉంది. మొరగని కుక్క సంగతి చెప్పడం మరిచిపోయారు. బంటి ఎప్పుడూ మొరిగేది కాదు.

ఒకరోజు అది మలుపు తిరిగి నన్ను చూసింది. తిరునాళ్ళలో తప్పిపోయిన తమ్ముడు కనబడినట్టు పరుగెత్తుకొచ్చి, రెండు ముందుకాళ్ళూ నా గుండెల మీద పెట్టింది. నేను మర్యాదగా వెనక్కి జరిగాను. వెనక ముళ్ళపొద ఉంది.

రత్నమ్మగారు తీరిగ్గా వచ్చి పైనుంచి నన్ను చూశారు. "ఏం చేయదులేప్పా, ఆడుకుంటాది అంతే. నువ్వు కదలాకుండా నిలబడు."

నిలబడే స్థితిలో ఉంటే ఆ సలహా బంగారమే. నేను పొదలో వెల్లకిలా పడి ఉన్నాను. ఇంటికి పోయాక మా ఆవిడ సుజాత నా వీపు మీద ముళ్ళు తీస్తూ, కుక్క కరిచిందా అని అడిగింది. లేదన్నాను. గీరిందా అంది. లేదన్నాను. మరి ఏం చేసిందని అడిగింది. ప్రేమించిందని చెప్పడానికి నోరు రాలేదు.

ఇక ఊరుకోగలనా? ఆదివారం పొద్దున నడక అయ్యాక అందరం కొండ మొదట్లోని టీ అంగడి దగ్గర చేరతాం. ఆ రోజు నేను గొంతు సవరించుకొని, కొండదారిలో కుక్కల మర్యాదల గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చిన్నదంటే, రెండో విడత టీ కూడా అయిపోయింది. కుక్కను గొలుసు లేకుండా తేకూడదు. ఎదురుగా మనిషి వస్తే కుక్కను పట్టుకొని పక్కకు నిలబడాలి. కుక్క దారి పాడుచేస్తే తెచ్చినవాళ్ళే శుభ్రం చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, కుక్క గొర్రెలను బెదరగొడితే యజమానే స్వయంగా పోయి వాటిని తోలుకొని రావాలి. ఈ చివరిది నాకు అప్పటికప్పుడు తట్టింది. పక్క బెంచీలో గొర్రెల కాపరి గంగప్ప టీ తాగుతూ కనిపించాడు. అతని ఓటు కూడా పడితే బాగుంటుందనిపించింది. అతను గ్లాసు కింద పెట్టి తల ఊపాడు.

రత్నమ్మగారు అంతా విని, ఒక చిన్న సందేహం వెలిబుచ్చారు. "బాగానే ఉండాది. కానీ బంటి నాది కాదప్పా, మా అల్లునిది. ఆయప్ప గోరంట్లలో ఉండాడు. ఈ రూలు ఆయనకు చెప్పాల్నా, నాకు చెప్పాల్నా?"

జనం నవ్వారు. ఆ నవ్వుకు నా వీపు మీది ముళ్ళగాట్లన్నీ మళ్ళీ మండాయి. కుక్కను ఎవరు కొన్నారన్నది కాదు ముఖ్యం, అది దారిలో ఎవరి వెంట నడిస్తే వాళ్ళే దాని యజమాని అని తీర్పిచ్చాను. ఇంత స్పష్టమైన మాట ఆ టీ అంగడిలో అంతకుముందెవరూ విని ఉండరు. చప్పట్లు కూడా పడ్డాయి. రత్నమ్మగారు, "సరే, అట్లే కానీలే," అని లేచారు. మర్నాటి నుంచి బంటి మెడకు గొలుసు వచ్చింది. నేను ఆ దారిలో, కోటను గెలిచింది నేనే అన్నట్టు నడిచాను.

బంటి సంగతి తేలింది కానీ, వీధికుక్కలు ఉపన్యాసాలు వినవు కదా. వాటికి ఉపాయం ఒక వీడియోలో దొరికింది. కుక్క దగ్గరికొస్తే దూరంగా ఒక బిస్కెట్ విసిరి మన దారిన మనం పోవాలట. వెంటనే బిస్కెట్ ప్యాకెట్టు కొని ట్రాక్ ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఆ వీడియో చేసినాయన, బిస్కెట్ తిన్నాక కుక్క ఏం చేస్తుందో ఎందుకు చూపించలేదో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

మా వీధి చివర గోధుమరంగు కుక్క ఒకటి ఉండేది. ఒక చెవి చిరిగి, జీవితంలో చాలా చూసినట్టు మొహం పెట్టుకొని ఉండేది. దానికి ఒక బిస్కెట్ విసిరాను. మర్నాడు అది మా గేటు ముందు కూర్చొని ఉంది. పో అన్నాను, తోక ఊపింది. గట్టిగా పో అన్నాను, ఇంకా గట్టిగా ఊపింది. రాయి తీశాను, ఇది ఏ కంపెనీ బిస్కెట్టో అన్నట్టు నా చేతి వంక ఆశగా చూసింది. దాన్ని దూరంగా ఉంచాలంటే బిస్కెట్ విసరాలి. విసిరితే మళ్ళీ వస్తుంది. తాను తీసిన గోతిలో తానే పడతాడంటారు. నేను గొయ్యి తీసి, దానికి మెట్లు కట్టి, రోజూ దిగి వస్తున్నాను.

"మిమ్మల్ని ఇంటిదాకా దిగబెట్టి పోతాండాది," అంది సుజాత గేటు దగ్గర నిలబడి. "మా నాయన కూడా మీకు ఇంత మర్యాద చేయలేదు."

ఇక ఆ పొద్దు. నేను ముందు, ఆ కుక్క నా మడమల వెనక, కొండ ఎక్కుతున్నాం. మొదటి మలుపులో గంగప్ప మందను నిలిపి ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. రత్నమ్మగారు బంటితో దిగుతూ, గొర్రెలకు దారి వదిలి ఓ పక్కగా ఆగి ఉన్నారు. మర్యాదలు బోధించినవాణ్ణి నేనే కాబట్టి, నలుగురికీ ఆదర్శంగా ఉండాలని నేనూ చెయ్యి ఊపుతూ హుందాగా పక్కకు తప్పుకున్నాను. కుక్క తప్పుకోలేదు. నేరుగా మందలోకి దూసుకుపోయింది.

పెళ్ళి భోజనాల మధ్యలో వాన కురిస్తే జనం ఎలా లేస్తారో చూశారా? గొర్రెలు అలా లేచాయి. కొన్ని రాళ్ళ మీదికి, కొన్ని పొదల్లోకి, ఒకటి నా కాళ్ళ సందుల్లోంచి. దుమ్ము తగ్గేసరికి మలుపులో మనుషులమూ కుక్కలూ మాత్రమే మిగిలాం.

గంగప్ప నా వైపు తిరిగాడు. "ఎవరిది సార్ ఆ కుక్క?"

వీధికుక్క, నాకేం తెలుసు అన్నాను. ఆ మాట అంటుండగానే అది వచ్చి నా పాదాల దగ్గర కూర్చొని, పని పూర్తయిందన్నట్టు నా మొహంలోకి చూసింది. నా చెయ్యి అలవాటు కొద్దీ అప్పటికే జేబులోకి పోయింది. బిస్కెట్ బయటికి కూడా వచ్చింది.

రత్నమ్మగారు గొంతు పెంచకుండా అన్నారు. "ఎవరెంట నడిస్తే వాళ్ళదే కదప్పా?"

గంగప్ప తిడితే బాగుండేది. అతను తిట్టలేదు. ఆ మందలోని పెద్ద పొట్టేలును తన గొర్రెలకు విత్తనపు పొట్టేలుగా కొనడానికి సోమందేపల్లి నుంచి ఒక పెద్దమనిషి ఆ పొద్దున వస్తున్నాడట. పోయినసారి చూసి, దీంట్లో చురుకు లేదని తిరిగిపోయినవాణ్ణి గంగప్పే ఎంతో బతిమాలి మళ్ళీ రప్పిస్తున్నాడు. దాన్ని బిడ్డలా మేపానని చెప్తూ పైకి చూశాడు. పొట్టేలు కోట గోడ వైపు పోయి కనబడకుండా ఉంది.

"కడమ గొర్రెల్ని నేను చూసుకుంటా. పొట్టేల్ని నువ్వు తోలుకొని రా సార్. ఈపొద్దు కూడా బేరం పోతే ఆ మనిషి మళ్ళ రాడు."

అతని మొహం చూశాక నాకు నిజంగానే జాలేసింది. కోట గోడ వైపు ఎక్కాను. కుక్క కూడా వచ్చింది, పిలవకపోయినా.

పొట్టేలు కూలిన గోడ మీద నిలబడి ఊరిని చూస్తోంది. మెలి తిరిగిన కొమ్ములు, నల్ల మొహం. మా మేనేజరు కిటికీ దగ్గర ఇలాగే నిలబడతాడు. ఆయనతో మాట్లాడినట్టే మెల్లగా, వినయంగా మాట్లాడాను. వినలేదు. బిస్కెట్ పెట్టాను. తిన్నది. మిగిలినవీ పెట్టాను. అవీ తిన్నది. ఇక స్నేహం కుదిరిందనుకొని కొమ్ము పట్టుకున్నాను.

పొట్టేలు రెండడుగులు వెనక్కి వేసింది. వెనక్కి తగ్గింది, లొంగిపోయిందనుకున్నాను. పొట్టేళ్ళ గురించి తెలిసిన పాఠకులు ఇక్కడ నవ్వవచ్చు. తెలియనివాళ్ళు ఒక్క వాక్యం ఆగండి. అది వెనక్కి పోయేది ఊపు కోసం.

ఆయాసపడుతూ, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కిన ఆ కొండను నేను ఎలా దిగానో నా కాళ్ళకే తెలియాలి. ముందు నేను, నా వెనక పొట్టేలు, దాని వెనక సంతోషంగా మొరుగుతూ కుక్క. తప్పుకోండి తప్పుకోండి అని నేను వేసిన కేకలకు గుడికి పోయే ఆడవాళ్ళు గోడకు అతుక్కుపోయారు. ఓ పెద్దాయన చేతికర్రను నాకే అడ్డం పెట్టబోయాడు. కింది మలుపులో రత్నమ్మగారు కనిపించారు. గొలుసు పొట్టిగా పట్టుకొని, బంటిని పక్కకు లాగి, దారి పూర్తిగా వదిలి నిలబడ్డారు. నా నిబంధనలను అక్షరాలా పాటించిన మనిషి ఆ కొండ మొత్తమ్మీద ఆవిడ ఒక్కరే.

కింద టీ అంగడి ముందు ఒక ఆటో ఆగి ఉంది. తెల్ల పంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన దాంట్లోంచి దిగుతున్నాడు. ఆయన ఇటు దిగాడు, నేను అటు దూకి లోపల పడ్డాను. పొట్టేలు ఆటోను వెనక నుంచి ఒక్క పోటు పొడిచింది. ఆటో నాతో సహా ముందుకు జరిగి ఆగింది. అది రెండో పోటుకు వెనక్కి నడుస్తుండగా గంగప్ప పరుగున వచ్చి కొమ్ములు పట్టుకున్నాడు.

ఆ సోమందేపల్లి పెద్దమనిషి పొట్టేలు చుట్టూ తిరిగాడు. ఆటోకు పడ్డ సొట్టను వేళ్ళతో తడిమి చూశాడు. "ఏం పొగరప్పా దీనికి. పోయినసారి నేను చూసింది ఇదేనా?" అన్నాడు. ఆ తర్వాత బేరం నిమిషాల మీద కుదిరింది.

గంగప్ప నా దగ్గరికి వచ్చాడు. నేను సీటు కింద నుంచే రెండు చేతులూ జోడించి క్షమాపణ మొదలుపెట్టాను. అతను విననే లేదు.

"అది కాదు సార్," అన్నాడు గొంతు తగ్గించి. "నాకాడ ఇంకో పొట్టేలు ఉండాది. దాన్ని చూసేకి వచ్చే ఆదివారం మడకశిరోళ్ళు వస్తారంట. మీరూ మీ కుక్కా కొంచెం వీలు చేసుకొని రావల్ల."

కాబట్టి, మాన్య మహాజనులారా, పెనుకొండ కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ దారికీ, ఏ కుక్కకీ, ఏ మనిషికీ నేను నిబంధనలు చేయను. ఎవరైనా చేస్తుంటే లేచి వెళ్ళిపోతాను. కొమ్ములున్న ఏ ప్రాణికీ బిస్కెట్ పెట్టను, వెనకడుగు వేసే ఎవరినీ నమ్మను. ఈ ప్రమాణం నేను ఆ ఆటోలో కూర్చునే చేశాను. వెంటనే దిగి ఇంటికి పోయి సుజాత ముందు మరోసారి చేద్దామనుకున్నాను కానీ, వీలు పడలేదు. కొన్నాయన టీ తాగి వస్తానంటూ పొట్టేలును ఆ ఆటోకే కట్టేశాడు.