ఇరవై రెండేళ్ల ఎముక

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న ఆ ఏడు క్యాంపస్‌లో బాష్పవాయువు ఎప్పుడు కమ్ముకుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. మా ల్యాబ్ కంపు మాత్రం రోజూ ఉండేది. నా పరిశోధన ఎముకల మీద. తుంటి ఆపరేషన్లలో తీసేసిన ముసలివాళ్ల ఎముకలు మాకొచ్చేవి. మాంసం గీకి, కొవ్వు కడిగి, సన్నటి పలకలుగా కోయాలి. రంపం వేడికి వెంట్రుకలు కాలిన వాసన లేచేది. తార్నాకలో ఇంటికెళ్లి నిమ్మచెక్కతో ఎంత రుద్దినా వేళ్లను వదిలేది కాదు. అన్నం చెంచాతో తినేదాన్ని.

నాతో ఒక జూనియర్ పనిచేసేవాడు. నల్గొండ వైపు రైతుల ఇంటి పిల్లాడు. "అక్కా, ఈ బొక్క ఎండింది" అనేవాడు. మా గైడుదీ నాలాగే కోస్తా. "బొక్కంటే రంధ్రమయ్యా, ఎముక అను" అని అందరి ముందూ దిద్దేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే రోత పుడుతుంది.

ఒక మధ్యాహ్నం ఊరేగింపు మీద పోలీసులు బాష్పవాయువు వదిలారు. అందులో ఉన్న జూనియర్ పరుగెత్తి గోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కింద ఎముక ముక్కలైంది. మర్నాడు గైడుకు చెప్పాను.

"ఆపరేషన్లో ముక్కలేమైనా తీశారా?" అన్నారు. ఎలా ఉన్నాడని అడగలేదు.

"తీశారట సార్."

"అడిగి పట్టుకురా. ఇరవై రెండేళ్ల ఎముక మనకు మళ్లీ దొరకదు."

అసహ్యమేసింది. అయినా వెళ్లాను. ఆటోలో కూర్చుని నేను ఆలోచించింది ఆ ముక్కను ఏ ద్రావణంలో పెట్టాలా అనే.

వార్డులో విషయం చెబితే నా మొహంలోకి చూశాడు.

"సారు అడుగుమన్నడా అక్కా, నీకే గావాల్నా?"

"ఇద్దరికీ."

"తీస్కపో మరి," అని ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టాడు.

సూక్ష్మదర్శిని కింద ఆ ఎముక నిండుగా ఉంది. సన్నటి రక్తనాళాల చుట్టూ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు వలయాలుగా, ఒక పొర ఇటు వాలితే పక్క పొర అటు వాలి కనిపించాయి. ఆ పోగుల సందుల్లోనే ఖనిజం రేకులు రేకులుగా ఇరుక్కుని ఉంటుంది. అది మా పరికరానికి అందనంత చిన్నది. ముసలి ఎముకల్లో ఇంత పొందిక ఎన్నడూ చూడలేదు. సంతోషమేసింది. ఆ వెంటనే అది ఎవరిదో గుర్తొచ్చి కన్ను పక్కకు తీశాను.

సెమినార్‌లో గైడు ఆ బొమ్మ తెర మీద వేశారు. ఇంత లేత ఎముక ఎక్కడిదని ఎవరో అడిగారు.

"ఉద్యమం పుణ్యమా అని," అన్నారు గైడు. హాలంతా నవ్వింది. నేను లేచి బయటికొచ్చి కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాను.

కొన్ని రోజులకు జూనియర్ ఊతకర్రలతో ల్యాబ్‌కొచ్చాడు. అడిగితే స్లైడు చూపించాను. చాలాసేపు చూశాడు.

"గింత మంచిగ అల్లినట్టున్నది గదా. మరెట్ల ఇరిగింది?"

"పోగులు కొంత సాగుతాయి, ఖనిజం గట్టిగా నిలబెడుతుంది. గోడ మీంచి పడితే రెండూ ఆపలేవు."

"సారు ఏమన్నడు దీన్ని జూసి?"

ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మిగిలిన ముక్క అడిగితే సీసాతో సహా ఇచ్చేశాను. జేబులో వేసుకుని, నేను పట్టుకోబోతే వద్దని, ఒక్కో మెట్టూ తనే దిగిపోయాడు.

మర్నాడు థీసిస్‌లోంచి ఆ అధ్యాయం తీసేశాను. గైడు సంతకం పెట్టనన్నారు. ఇంకొకరి దగ్గర చేరి, ముసలివాళ్ల ఎముకలతోనే ముగించేసరికి ఏడాదిన్నర పట్టింది. ధైర్యం చేశావని స్నేహితులన్నారు. ధైర్యమే ఉంటే ఆ రోజు ఆటో ఎక్కేదాన్నే కాదు.